సీసా నడుస్తాండాదా

అంబులెన్సులో పనికెక్కిన మొదటి రోజునే అంజినప్ప రోగిని వ్యానులో వదిలేసి, రోగి బావమరిదిని ఆస్పత్రిలో చేర్పించాడు.

జరిగింది ఇది. తాడిమర్రి పక్క పల్లెలో సోమప్ప అనే రైతుకు కడుపులో నొప్పి లేచింది. పడుకుంటే నొప్పి ఎక్కువవుతోందని ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. తోడుగా వచ్చిన బావమరిదికి వాహనమెక్కితే కళ్ళు తిరుగుతాయి కాబట్టి ఆయన స్ట్రెచర్ మీద పడుకున్నాడు. ధర్మవరం చేరి వెనక తలుపు తీసేసరికి ఒకరు పడుకుని ఉన్నారు, ఒకరు కూర్చుని ఉన్నారు. పడుకున్నవాడే రోగి అని అంజినప్ప నిర్ణయించి స్ట్రెచర్‌ను లోపలికి తోయించాడు. నోరు తెరిస్తే వాంతవుతుందని బావమరిది నోరు తెరవలేదు. తుంటి మీద సూది పడ్డాకే తెరిచాడు. అంతవరకూ వ్యానులోనే ఓపిగ్గా కూర్చున్న సోమప్ప, డ్రైవరును మర్యాదగా అడిగాడు.

"ఏమప్పా, మా బామ్మర్దిది అయినాక నన్ను గూడా చూస్తారా?"

ఆ సూది తర్వాత బావమరిదికి ప్రయాణాల్లో వాంతులు రావడం మానేశాయని సోమప్ప ఎప్పుడో కనబడి చెప్పాడు. అంజినప్పను ఓదార్చడానికే చెప్పి ఉంటాడు.

అంజినప్ప ధర్మవరంలో పట్టుచీరలు నేసే మనిషి. గుంటమగ్గంలో కాళ్ళు దించి కూర్చున్నాడంటే పొద్దుగూకే దాకా లేవడు. నలభై దాటాక నడుము పట్టేసింది. చూపించుకోవడానికి పోతే డాక్టరు, "మందులేం పనిచేయవప్పా, ఆ గుంతలోనుంచి లేసి నాలుగూర్లు తిరుగు" అన్నాడు. తిరగడానికి అంజినప్పకు ఊళ్ళు లేవు. చుట్టాలంతా అదే వీధిలో ఉన్నారు. సరిగ్గా అప్పుడే కొందరు చీరల వర్తకులు కలిసి ఒక పాత మెటాడోర్ వ్యాను కొని, తెల్లరంగు వేయించి, నెత్తిన ఎర్రదీపం పెట్టించి, ధర్మానికి తిప్పుతామన్నారు. డ్రైవరుకు జీతం, వెనక కూర్చునేవాడికి పుణ్యం. నడుము కోసం అంజినప్ప పుణ్యంలో చేరాడు. తొంభై ఎనిమిదో సంవత్సరం సంగతి.

డ్రైవరు సుంకప్ప. చాలాకాలం లారీలు తోలి వచ్చినవాడు. వ్యాను ఎంత మెల్లగా పోయేదో ఆయన నోరు అంత వేగంగా పోయేది. ఇద్దరికీ బాగా కుదిరింది. సుంకప్ప మాట్లాడేవాడు, అంజినప్ప వెనకనుంచి ఊ కొట్టేవాడు. ఊ కొడుతున్నది అంజినప్పో, రోగి మూలుగో తెలియక సుంకప్ప అప్పుడప్పుడూ బండి ఆపి చూసేవాడు.

పాముకాట్లు, కాన్పులు, శనక్కాయ పంట ఎండిపోయిన సంవత్సరాల్లో పురుగులమందు తాగినవాళ్ళు, ఎందరినో ఆ వ్యాను మోసింది. బతికి బయటపడ్డవాళ్ళు అంజినప్పను మరిచిపోయారు. వాళ్ళ తప్పేం లేదు. స్ట్రెచర్ మీద ఉన్నంతసేపూ వాళ్ళకు తలకిందులుగా ఒక జత మీసాలు మాత్రమే కనబడి ఉంటాయి.

చనిపోయినవాళ్ళు అలా కాదు. వాళ్ళు అంజినప్పను బాగా గుర్తుపెట్టుకున్నారు.

మొదటిది చిలమత్తూరు పెద్దాయన. ఆస్పత్రిలో పోతే శవాన్ని ఊరికి చేర్చడానికి వీళ్ళను పిలిచారు. దారిలో మలుపు వచ్చినప్పుడల్లా పెద్దాయన చెయ్యి గుడ్డ కిందనుంచి జారి అంజినప్ప మోకాలి మీద పడేది. ఆయన దాన్ని జాగ్రత్తగా ఎత్తి లోపల పెట్టేవాడు. మళ్ళీ పడేది. పెనుకొండ దాటాక ఇక పెట్టడం మానేసి, ఆ చేతిని తన చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. ఊరు చేరాక పెద్దాయన కొడుకు చూసి, "మా నాయనను నీకు ముందే తెలుసాన్నా?" అని అడిగాడు. తెలియదంటే బాగుండదని అంజినప్ప తెలుసన్నాడు. ఆ అబద్ధానికి శిక్షగా, పెద్దాయన తమ్ముళ్ళూ మరదళ్ళూ అందరూ వచ్చి అంజినప్ప మీద పడి ఏడ్చారు. ఆ తర్వాత చాలా రోజులు మగ్గం ముందు కూర్చుంటే కుడిచేతిలో ఒక చల్లని బరువు ఉన్నట్టే ఉండేది. చీర అంచు వంకరపోయింది. చీర తీసుకునే షావుకారు ఏమైందని అడిగితే, చెయ్యి ఖాళీ లేదని చెప్పలేక నడుము నొప్పి అని చెప్పాడు.

ఆ వైపు పల్లెల్లో ఒక ఆచారం ఉంది. ఊరి బయట ప్రాణం పోయిన మనిషిని పొలిమేర దాటించి లోపలికి తీసుకురారు. ఆస్పత్రిలో పోయినా, దారిలో పోయినా అంతే. శవాన్ని ఊరవతల చేలోనో వంకలోనో పెట్టి, అక్కడే జరపవలసింది జరిపేస్తారు. పుట్టినప్పటినుంచీ మసిలిన ఇంటి గడప చివరిసారి తొక్కే భాగ్యం ఉండదు. అందుకని ఆస్పత్రిలో ఇక లాభం లేదన్న మాట చెవిన పడగానే చుట్టాలు మనిషిని ఇంటికి మళ్ళిస్తారు. దారిలో ప్రాణం పోయినా పోలేదంటారు. చేతికి గుచ్చిన సెలైను సూది అట్లాగే ఉంచుతారు. సీసా పట్టుకోవడానికి వ్యానులో అంజినప్ప ఉంటాడు.

పొలిమేర దగ్గర ఊరి పెద్దలు నిలబడి ఉంటారు. బండి ఆగుతుంది. పెద్దల్లో ఒకరు లోపలికి తొంగి చూసి అడుగుతారు, "సీసా నడుస్తాండాదా?"

"నడుస్తాండాది."

"అట్లయితే పోనీ."

అంతే. ఎవరూ ముక్కు దగ్గర వేలు పెట్టి చూడరు. ఎవరూ చెయ్యి పట్టి చూడరు. మనిషి ఇంట్లోకి పోతాడు, చాప మీద పడుకుంటాడు, నోట్లో తులసినీళ్ళు పోస్తారు, అప్పుడు పోతాడు. అప్పుడే ఏడుపు మొదలవుతుంది. అడిగినవాళ్ళకు తెలుసు, చెప్పినవాళ్ళకు తెలుసు. రేపు తమ ఇంట్లోనూ ఇదే అవసరం పడుతుందని అందరికీ తెలుసు.

సుంకప్ప ఈ పద్ధతి నేర్పితే, అంజినప్ప దానికి పనితనం చేర్చాడు. పోయిన మనిషి ఒంట్లోకి సెలైను ఎక్కితే చెయ్యి ఉబ్బిపోతుంది, ఇంటివాళ్ళు చూసి బాధపడతారు. కాబట్టి బండి కదలగానే గొట్టానికుండే చిన్న చక్రాన్ని బొటనవేలితో తిప్పి చుక్కలు ఆపేసేవాడు. పొలిమేర కనబడగానే మళ్ళీ తిప్పేవాడు. పెద్దలు తొంగిచూసే వేళకు సీసా కింద చుక్క మీద చుక్క పడుతూ ఉండేది. ఒకసారి సీసా పూర్తిగా ఖాళీ అయిపోయిన సంగతి చూసుకోలేదు. పొలిమేరలో ఒక ముసలాయన, "ఖాళీ సీసా పట్టుకున్నావేమప్పా?" అని అడిగితే అంజినప్ప సీసాను ఇంకాస్త పైకెత్తాడు. సుంకప్ప ముందు సీట్లోంచి అరిచాడు. "మొత్తం లాగేసినాడు తాతా! మనిషి గట్టోడు!"

ముసలాయన ఆ గట్టి మనిషి వైపు గౌరవంగా చూసి దారి వదిలాడు.

ఇలా అయిదేళ్ళు జరిగింది. అంజినప్ప ఎందరినో గడప దాటించాడు. ఒక్కటి మాత్రం ఆయనకు బాగా అలవాటైపోయింది. ఊపిరుండాది అని ఎవరన్నా చెబితే, లేదని అర్థం చేసుకోవడం.

రెండువేల మూడు వేసవిలో, ఎండలు ముదిరిన రోజుల్లో, ధర్మవరంలో ఒక నర్సింగ్ హోమ్ నుంచి కబురొచ్చింది. పొద్దున పదిగంటలకే రోడ్డు మీద తారు మెత్తబడుతోంది. వెళ్ళేసరికి వరండాలో ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకుని ఉన్నారు. తెల్లపంచె, తెల్లచొక్కా వేసుకున్న నాగేశ్వర రెడ్డి అనే పెద్దమనిషి వ్యాను దగ్గరకొచ్చాడు. నల్లమాడ దగ్గర ఎర్రవంకపల్లిలో భూములున్న ఇల్లు ఆయనది. తమ్ముడు ఎప్పుడో పోయాడు. తమ్ముడి భార్య యశోదమ్మకు ఎండదెబ్బ తగిలి, వాంతులూ విరేచనాలూ పట్టుకుని, తెలివి తప్పింది. ఇక్కడ ఉంచినా ఆశ తక్కువని డాక్టరు చెప్పాడట.

"మాట పడిపోయిందప్పా," అన్నాడు నాగేశ్వర రెడ్డి. "ఊపిరుండాది. ఊళ్ళోకి పోవల్ల."

ఈ మూడు మాటలు ఎప్పుడూ ఈ వరసలోనే వస్తాయి. సుంకప్ప తలూపాడు. అంజినప్ప తలూపాడు. నాగేశ్వర రెడ్డి ఇల్లు సర్దించడానికి జీపులో ముందు వెళ్ళిపోయాడు, ఆడవాళ్ళూ ఆయనతోపాటే వెళ్ళారు. వ్యానులో యశోదమ్మతో ఆమె కూతురు ప్రసూన ఒక్కతే ఎక్కింది. అనంతపురంలో డిగ్రీ చదువుతున్న పిల్ల. తల్లి చేతికి సెలైను ఉంది, ముఖం మీద తడి తువ్వాలు కప్పి ఉంది.

ముఖం కప్పారు కదా అనుకున్నాడు అంజినప్ప.

బండి కదలగానే ఆ పిల్ల అంది. "అన్నా, మా అమ్మకు ఊపిరుండాది."

"ఉండాది తల్లీ. ఇల్లు చేరేదంకా ఉంటాది."

"ఇల్లు చేరేదంకా కాదన్నా. నిజంగా ఉండాది. చూడు కావాలంటే."

"చూసినాలేమ్మా."

చూడలేదు. నిజంగా అనే మాట అందరూ అనేదే. చూడమని కూడా అంటారు. మొదట్లో ఒకటి రెండుసార్లు అలా అన్నవాళ్ళ మాట పట్టుకుని ఆయన చెయ్యి పట్టి చూశాడు. అప్పుడు వాళ్ళు ఆయన వైపు చూసిన చూపు మరిచిపోలేదు. కప్పిపెట్టుకున్నదాన్ని పదిమందిలో విప్పి చూసినట్టయింది. మర్యాద తెలిసిన మనిషి చూడడు. అంజినప్ప మర్యాద తెలిసిన మనిషి. సీసా సరిచేస్తున్నట్టు చెయ్యెత్తి, బొటనవేలితో చక్రం తిప్పి చుక్కలు ఆపేశాడు.

కొత్తచెరువులో సుంకప్ప బండి ఆపాడు.

"ఏమైందన్నా?" అంది ప్రసూన.

"ఇంజను కాగిపోయింది పాపా. నీళ్ళు పోయల్ల."

ఇంజను కాగిన మాట నిజమే. అయితే నీళ్ళు పోయడానికి పట్టే కాలంలో ఇద్దరు టీ తాగవచ్చు. హోటలు ముందర నీడలో నిలబడి సుంకప్ప తన లారీ రోజుల కథ ఒకటి ఎత్తుకున్నాడు. ప్రసూన వ్యాను దిగి పరుగెత్తుకుంటూ వచ్చింది.

"టీ తాగుతాండారా మీరు? ఆడ మా అమ్మ..."

"వస్తాండామమ్మా, అయిపోయింది," అన్నాడు సుంకప్ప. ఆ పిల్ల వెనక్కి తిరిగాక మెల్లగా, "పాపం, చిన్నపిల్ల. ఇంగా నమ్మలేకపోతాండాది," అన్నాడు.

అంజినప్ప గ్లాసు చేతిలో పెట్టుకుని తెరిచి ఉన్న వెనక తలుపులోంచి వ్యానులోకి చూశాడు. తడి తువ్వాలు ముక్కు దగ్గర చిన్నగా లోపలికి పోయింది. చిన్నగా పైకి లేచింది. బండి ఆగి ఉంది కాబట్టి కుదుపు కాదు. గాలి అనుకున్నాడు. టీ చివరి గుక్క తాగి గ్లాసు బల్ల మీద పెట్టాడు.

ఆ రోజు గాలి లేదు. ఈ సంగతి ఆయనకు ఆ సాయంకాలం గుర్తొచ్చింది. అప్పటినుంచీ గుర్తొస్తూనే ఉంది.

బుక్కపట్నం దాటాక అటూ ఇటూ దున్ని వదిలేసిన ఎర్రచేలు, వాటి మీద ఎండ. ప్రసూన బాటిల్లో నీళ్ళు తువ్వాలు మీద చిలకరిస్తూ కూర్చుంది. అంజినప్పకు జాలేసింది. వేడికి శవం పాడవుతుందని పిల్ల జాగ్రత్తపడుతోందనుకున్నాడు.

ఎర్రవంకపల్లి పొలిమేరలో ఆరేడుగురు నిలబడి ఉన్నారు. అందరికన్నా ముందు కర్ర పట్టుకుని కుళ్ళాయప్ప. ఊళ్ళో అందరికన్నా పెద్ద. అంజినప్ప చక్రం తిప్పాడు. చుక్కలు పడడం మొదలైంది.

"సీసా నడుస్తాండాదా?"

"నడుస్తాండాది."

"పోనీ."

వీధి ఇరుకు. స్ట్రెచర్ పట్టుకుని నడిచారు. తల ఏ వైపు పెట్టాలన్న దాని మీద నడవలో ముసలివాళ్ళకు మాటా మాటా వచ్చింది. ఒకరు తూర్పన్నారు, ఒకరు దక్షిణమన్నారు. అంతసేపూ అంజినప్ప సీసా ఎత్తిపట్టుకుని నిలబడ్డాడు. చక్రం తిరిగి మూయడానికి చెయ్యి ఖాళీ లేదు. చివరికి చాప మీద పడుకోబెట్టారు. ముఖం మీది తువ్వాలు తీశారు. ఒక ముసలమ్మ చెంబుతో తులసినీళ్ళు తెచ్చి ఉద్ధరిణెతో నోట్లో పోసింది. ఏడవడానికి అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

యశోదమ్మ గుటక వేసింది.

ఉద్ధరిణె కిందపడింది. ముసలమ్మ వెనక్కి జరిగి గోడకు ఆనుకుంది. పీల్చుకున్న ఊపిరి ఎవరూ వదల్లేదు. యశోదమ్మ కళ్ళు సగం తెరిచి, చుట్టూ ఉన్న కాళ్ళను చూసి, ఎండిన గొంతుతో అంది.

"ఇత్తనం కాయలు తొక్కతాండారు. అవతలికి జరగండి."

నిజమే. వానలు పడితే వేయడానికి దాచిన విత్తనాల వేరుశనక్కాయలు నడవలో ఓ మూల ఆరబోసి ఉన్నాయి. వాటి మీద ఊరు ఊరంతా నిలబడి ఉంది. అందరూ ఒక్కసారిగా జరిగారు.

ప్రసూన అంజినప్ప వైపు తిరిగింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "చెప్పినా గదన్నా," అంది. "చెప్పినా గదా నీకు."

అంజినప్ప చూస్తున్నది యశోదమ్మను కాదు, సీసా కింద పడుతున్న చుక్కలను. పొలిమేర నుంచి ఇక్కడికి వచ్చేలోగా ఎక్కిన ఆ కాస్త నీళ్ళకే కళ్ళు తెరిచింది. ధర్మవరం నుంచి పొలిమేర దాకా ఎక్కవలసిందంతా సీసాలోనే ఉంది. ఆ సంగతి అక్కడ ఇంకెవరికీ తెలియదు.

"ఎత్తండి," అన్నాడు. "వ్యాన్లోకి ఎత్తండి. కదిరి దగ్గర, కదిరికి పోదాం."

నాగేశ్వర రెడ్డి అడ్డం వచ్చాడు. చెడ్డమనిషి కాదు. "ఆగప్పా. ఇంటికొచ్చిన మనిషి. మళ్ళ బయటికి తీసుకపోతే, దావలో ఏమన్నా అయిందనుకో. అప్పుడు లోపలికి రానిస్తారా? బతికుండే మనిషి ఎట్లుంటాదో ఈ పొద్దు ఊరంతా చూసినాది. ఇంగ సీసా మాట ఎవురు నమ్ముతారు?"

"ఏం కాదన్నా. నేనుండా."

"నువ్వుంటే?"

"నేను తీసుకొస్తా," అన్నాడు అంజినప్ప. "ఎట్లయినా ఇంటికి తీసుకొచ్చేది నా పూచీ."

ఎవరి పూచీ కోసమూ ఆగకుండా ప్రసూన స్ట్రెచర్ ఒక కొస పట్టుకుంది.

సుంకప్ప ఆ రోజు బండి తోలినట్టు మళ్ళీ ఎప్పుడూ తోలలేదు. ఒక్క మాట కూడా మాట్లాడలేదు. అంజినప్ప చక్రం మొత్తం తిప్పేసి, ఎడమచేత్తో సీసా పట్టుకుని, కుడిచేతి వేళ్ళు యశోదమ్మ మణికట్టు మీద పెట్టాడు. ఉంది. సన్నగా, తెగుతుందేమో అన్నట్టు ఉంది. కానీ ఉంది.

కొంతదూరం పోయాక ఆమె కళ్ళు తెరిచింది.

"ఎవురప్పా నువ్వు?"

"అంజినప్పనమ్మా. ధర్మవరం."

"చీరల ధర్మవరమా?"

"ఔనమ్మా."

"యాడికి పోతాండాం?"

"కదిరికమ్మా. ఆస్పత్రికి. బాగైపోతుందిలే."

పొద్దున్నించీ కుదుపులు ఆమె ఒంటికి తెలుసు. దారి తెలుసు, ఆగడాలు తెలుసు. కోపం లేకుండా, తెలుసుకుందామని అడిగినట్టే అడిగింది.

"మరి ఇంతసేపూ యాడికి పోతిమి?"

అంజినప్ప తలెత్తి సీసా కింద పడుతున్న చుక్కలను చూశాడు. యశోదమ్మ ఆయన ముఖం వైపే చూస్తూ కాచుకుంది. కాచుకుని కాచుకుని కళ్ళు మూసుకుంది. కదిరి కొండ కనబడే మలుపులో ఆయన వేళ్ళ కింద ఉన్నది లేకుండా పోయింది.

ఆయన చెయ్యి తీయలేదు. ప్రసూన ఆయన చేతిని చూసింది, ముఖాన్ని చూసింది. సుంకప్ప మాత్రం అద్దంలో చూసి కూడా వేగం తగ్గించకుండా ఆస్పత్రి గుమ్మం దాకా తోలాడు. అక్కడ చూసిన డాక్టరు స్టెతస్కోపు తీసేసి, చర్మం వేళ్ళతో పట్టి చూసి, అంజినప్పను అడిగాడు. "ఒంట్లో నీళ్ళే లేవు. సెలైను ఎప్పటినుంచి పోతాండాది?"

"పొద్దున్నించీ," అన్నాడు అంజినప్ప.

గడప దాటించడానికి ఆయన చెప్పిన అబద్ధాలన్నీ ఎవరో ఒకరికి పనికొచ్చాయి. ఇది ఒక్కటే తనకు పనికొచ్చింది.

పొద్దు వాలుతుండగా వెనక్కి బయలుదేరారు. ప్రసూన తల్లి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నల్లమాడ దాటాక అంది. "అన్నా, సీసా దించొద్దు."

ఆయన దించలేదు. ఈసారి చక్రం కూడా మూయలేదు. మూయడానికి వేలు రాలేదు.

పొలిమేరలో పొద్దున ఉన్నవాళ్ళే ఉన్నారు, ఇంకా ఎక్కువమంది ఉన్నారు. కుళ్ళాయప్ప కర్ర పట్టుకుని ముందుకొచ్చాడు. వ్యానులోకి చూశాడు. పొద్దున చూసినట్టు ఊరికే కాదు, నిదానంగా చూశాడు. యశోదమ్మను చూశాడు, ఉబ్బిన చేతిని చూశాడు, పడుతున్న చుక్కలను చూశాడు, అంజినప్పను చూశాడు.

"సీసా నడుస్తాండాదా?"

ఎన్నిసార్లు చెప్పిన మాట అది. అంజినప్పకు రాలేదు. ఎట్లయినా తీసుకొచ్చేది నా పూచీ అన్న మనిషి సీసా ఎత్తిపట్టుకుని నోరు తెరుచుకుని కూర్చున్నాడు. వెనక ఎవరో గొణిగారు. నాగేశ్వర రెడ్డి తల దించుకున్నాడు.

"నడుస్తాండాది తాతా," అంది ప్రసూన.

కుళ్ళాయప్ప ఆ పిల్లను చూశాడు. "నిజంగానా?"

"నిజంగా."

కుళ్ళాయప్ప కర్ర పక్కకు తీశాడు. "దావ ఇడవండ్రా. పాప చెప్తాండాది గదా," అన్నాడు.

యశోదమ్మ రెండోసారి ఇంట్లోకి వెళ్ళింది. శనక్కాయలు అప్పటికి ఎవరో ఎత్తేశారు. తులసినీళ్ళు పోశారు, పక్కకు కారిపోయాయి. అప్పుడు ఏడ్చారు.

చావు జరిగిన ఇంటినుంచి వచ్చేటప్పుడు పోయొస్తామని చెప్పకూడదు. చెప్పకుండా లేచి రావాలి. ఇన్నేళ్ళుగా ఇన్ని ఇళ్ళ నుంచి అలాగే లేచి వచ్చిన అంజినప్ప, ఆ రోజు వాకిట్లో ప్రసూన కనబడితే, "పోయొస్తా తల్లీ" అన్నాడు. అని నాలిక కరుచుకున్నాడు. అక్కడున్న ఆడవాళ్ళు ఉలిక్కిపడ్డారు. ప్రసూన మాత్రం చిన్నగా తలూపింది. ఆ పిల్ల తిట్టి ఉంటే బాగుండేదని అంజినప్ప ఎన్నోసార్లు అనుకున్నాడు. ఒకసారి తిట్టించుకుందామనే బస్సెక్కి నల్లమాడ దాకా పోయాడు కూడా. అక్కడ దిగి, సోడా తాగి, అదే బస్సులో వెనక్కి వచ్చాడు.

ఆ తర్వాత వ్యాను మానేస్తాడని సుంకప్ప అనుకున్నాడు. మానలేదు. పని చేసే తీరు మారింది. ఎవరిని ఎక్కించినా ముందు మణికట్టు పట్టుకుంటాడు. చుట్టాలు నొచ్చుకున్నా పట్టుకుంటాడు. చక్రం ఎప్పుడూ మూయడు. చచ్చినవాళ్ళ చేతులు ఉబ్బుతున్నాయని వర్తకుల సంఘానికి ఫిర్యాదులు వచ్చాయి. సంఘం వాళ్ళు పిలిచి అడిగితే, ఉబ్బనీండి అన్నాడు. సర్కారు నూటెనిమిది అంబులెన్సులు వచ్చాక రోగులు అటు వెళ్ళిపోయారు. పాత మెటాడోర్‌కు శవాలు మిగిలాయి. డాక్టరు చూసి, సంతకం పెట్టి, గుడ్డ చుట్టి ఇచ్చిన శవాలు. వాటికి కూడా అంజినప్ప దారిలో ఒకటికి రెండుసార్లు నాడి చూస్తాడు. సుంకప్పను టీకి ఆగనివ్వడు. ఒకసారి పోస్టుమార్టం చేసిన మనిషికి కూడా చూశాడు. సుంకప్ప వెనక్కి తిరిగి, "ఆయప్ప ఇంగ లేసినాడంటే నేను దూకేస్తా, బండి నువ్వు తోలుకో" అన్నాడు. అంజినప్ప నవ్వలేదు.

చూస్తున్నంతసేపూ వాళ్ళతో మాట్లాడతాడు. దారి చెబుతాడు. ఇదో బత్తలపల్లి వచ్చింది, ఇదో ముదిగుబ్బ దాటినాం, ఇప్పుడు ఎడమకు తిరిగినాం. యాడికి పోతాండామో తెలియకుండా ఎవరూ పోకూడదని ఆయన అనుకున్నాడు.

ఎంత చెప్పినా ఒక్క ప్రశ్న మాత్రం మిగిలే ఉంది. అది వ్యానులో రాదు, మగ్గం దగ్గరే వస్తుంది. మగ్గం పలక ఆడే చప్పుడు కాస్త ఆగి, దారం తెగి, ముడి వేయడానికి తల వంచినప్పుడు వస్తుంది. కోపం లేని గొంతు. మరి ఇంతసేపూ యాడికి పోతిమి? అంజినప్ప దారం చేతిలో పట్టుకుని లోపల్లోపల జవాబు చెప్పుకుంటాడు. ధర్మవరం నుంచి బయలుదేరినామమ్మా. కొత్తచెరువులో ఆగినాం. టీ... అక్కడికి వచ్చేసరికి ఆగిపోతాడు. మళ్ళీ మొదటినుంచి మొదలుపెడతాడు. ఇంతవరకూ ఒక్కసారి కూడా కొత్తచెరువు దాటలేదు.

ఇదంతా భార్య నాగలక్ష్మమ్మకు తెలుసు. ఆ రాత్రే ఆయన ఆమెకు చక్రం సంగతితో సహా చెప్పేశాడు. ఆమె విన్నది, అన్నం పెట్టింది, ఇంకెవరికీ చెప్పలేదు. కాకపోతే ఒక కొత్త బాధ ఆమె నెత్తిన పడింది. మధ్యాహ్నం అన్నం తిని, కండెలు చుట్టే రాట్నం పక్కనే కొంగు పరుచుకుని ఆమె ఒక కునుకు తీస్తుంది. ఆ కునుకు ఇంతకుముందు ఎవరికీ అడ్డం కాలేదు. ఇప్పుడు కన్ను మూతపడగానే మగ్గంలోంచి ఆయన లేచి వస్తాడు. పక్కన గొంతుక్కూర్చుని మణికట్టు పట్టుకుంటాడు. పక్కింటి ఆడవాళ్ళు కిటికీలోంచి చూసి, వయసు మీద పడ్డాక మొగుడికి ముద్దు ఎక్కువైందని నవ్వుకున్నారు. నీళ్ళ కొళాయి దగ్గర ఆ మాట ఆమె చెవిన పడింది. ఆమె మొహం ఎర్రబడింది. మగ్గాల వీధిలో ఒక మాట పుట్టిందంటే సాయంత్రానికి చీర కొంగంత పొడుగవుతుంది.

మొన్న మధ్యాహ్నం కూడా ఆమె ఒరిగింది. ఆయన వచ్చాడు, పట్టుకున్నాడు. ఆమెకు మెలకువ వచ్చింది. కిటికీ వైపు ఒకసారి చూసి, పళ్ళ బిగువున కోపం ఆపుకుంటూ అంది.

"ఏం మనిషివయ్యా నువ్వు! నలుగురూ నవ్వుతాండారు. బతికే ఉండానని దినామూ నోటితో చెప్తాండా గదా, మళ్ళ చెయ్యి పట్టుకునేదేమి?"

అంజినప్ప చెయ్యి వదలలేదు.

"ఆ పొద్దు ఆ పాప గూడా నోటితోనే చెప్పింది," అన్నాడు.